ముందు ఖాళీ చూపించాలి

మా తోడికోడలికి ఇంట్లో ఒక పేరు, పనిచేసే చోట ఇంకో పేరు. పనిచేసే చోట అందరూ జింకు అని పిలుస్తారు. ఆ ప్రయోగశాలలో అదొక ఆనవాయితీ. ప్రాణుల ఒంట్లో లోహాలు ఏం చేస్తాయో చూడడమే వాళ్ళ పని కాబట్టి, ఎవరు ఏ లోహం వెంట పడితే వాళ్ళకి ఆ పేరే ఖాయం. రాగి అని ఒక అబ్బాయి ఉన్నాడు. ఇనుము అని ఒక అమ్మాయి ఉంది, గాలి గట్టిగా వీస్తే పడిపోయేలా ఉంటుంది. మాంగనీసు అని ఇంకో పిల్ల. వీళ్ళందరి పైన ఉండే పెద్దాయన్ని ఎదురుగా సార్ అనీ, ఆయన గది తలుపు మూసుకున్నాక సీసం అనీ అంటారట.

"అంత బరువైన మనిషా?" అని అడిగాను.

"బరువే కాదక్కా, ఎవరూ కదపలేరు."

"సీసం తొందరగానే కరుగుతుంది కదే," అన్నాను, డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ పూర్తిగా వృథా పోకూడదని.

"మా ఆశ కూడా అదే," అంది.

మా అత్తగారికి ఈ పేర్లు నచ్చలేదు. "జింకేమిటి, షెడ్డు మీద వేసే రేకులాగా. పని చేసేదేదో బంగారం మీద చెయ్యకూడదా, పిలవడానికైనా బాగుండేది," అన్నారు. బంగారానికి ఒంట్లో పనేమీ లేదత్తయ్యా అని జింకు చెప్పింది. ఒంటి మీద ఉంది చాలు అన్నారు ఆవిడ.

జింకుతో పని అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ కష్టం అందరం పడ్డాం. జింకు లేని చోటు లోకంలో లేదట. మొహానికి రాసుకునే పౌడర్లలో ఉంటుంది, ఎండకి పూసుకునే క్రీముల్లో ఉంటుంది, రబ్బరులో ఉంటుంది, కుళాయి నీళ్ళలో ఉంటుంది. తను చూసేదేమో ఒక చిట్టెలుక అండంలో ఉండే జింకుని. ఆ అండం కంటికి ఆనీ ఆననంత నలుసు. అంత చిన్నదాన్లో ఉన్నదాన్ని కొలుస్తుంటే, పక్కనుంచి పౌడరు రవ్వంత రాలినా ఏనుగు వచ్చి కూర్చున్నట్టేనట. అందుకని జింకు పౌడరు మానేసింది, గాజులు తీసేసింది, మొహానికి ఏదీ రాయడం మానేసింది. తను మానేస్తే సరిపోదని ఇంట్లో వాళ్ళ చేత కూడా మాన్పించింది. మా మరిది చుండ్రుకి వాడే షాంపూలో జింకు ఉందని తెలిసిన రోజే అది చెత్తబుట్టలోకి పోయింది. నెల తిరిగేసరికి అతని భుజాల మీద మంచు కురవడం మొదలైంది. "సైన్సు కోసం," అంటూ దులుపుకునేవాడు పాపం.

ఇంత పకడ్బందీ ఇంట్లో పిడుగు పుట్టింది. పిడుగు అంటే వాళ్ళ పాప. ఇప్పుడు పళ్ళు వస్తున్నాయి. పళ్ళు పైన వస్తుంటే కింద ఒళ్ళంతా ఒరుసుకుపోయింది, అదేం లెక్కో. డాక్టరు రాసిచ్చిన తెల్లటి ముద్ద క్రీము నిండా జింకే. జింకు దాని డబ్బా మీద అక్షరాలు చదివి, పాము పిల్లని చూసినట్టు చూసి నా చేతికిచ్చింది.

"ఇది నువ్వే రాయాలక్కా. నేను మూత కూడా ముట్టుకోను."

అప్పట్నుంచి క్రీము శాఖ నాది. రాసి, గుడ్డలు తొడిగి, చేతులు కడుక్కుని, బాంబుని అప్పగించినట్టు పాపని తల్లికి అప్పగించేదాన్ని. తల్లి ఎత్తుకుని ముద్దు చేసేది. పిడుగు మాత్రం తల్లి ముద్దులకి లొంగే రకం కాదు. దానికి మనుషుల మొహాలతో పనిలేదు, మొహాల మీద ఉన్న కళ్ళజోళ్ళతోనే పని. ఇంట్లో కళ్ళజోళ్ళున్నది నాకూ జింకుకీ. నాది చదువుకునేటప్పుడు పెట్టుకునేది, పోయినా బతుకుతాను. జింకుది సీసా అడుగంత మందం. అది తీస్తే తలుపుకి కూడా దారి ఇమ్మని చెబుతుంది. రోజూ పొద్దున్నే పనికి బయల్దేరే ముందు పిడుగు ఆ కళ్ళజోడు లాగడం, తల్లి ఆ పిడికిట్లోంచి విడిపించుకుని పెట్టుకుని పరిగెత్తడం మామూలే. అది మాకు గడియారం కింద లెక్క.

ఆ ప్రయోగశాలలో ఏడాదికొకసారి చిన్నవాళ్ళ సభ జరుగుతుంది. చిన్నవాళ్ళంటే వయసులో కాదు. చదువైపోయి, ఉద్యోగం ఇంకా స్థిరపడక, మధ్యలో త్రిశంకుడిలా వేలాడేవాళ్ళు. ఒక్కొక్కరూ లేచి తాము చేస్తున్నదేమిటో మిగతావాళ్ళకి చెప్పుకోవాలి. పెద్దవాళ్ళు వెనక వరసల్లో కూర్చుని చివరిదాకా నోరు మూసుకోవాలి. నాకు ఆ సభ మీద గౌరవం కలిగింది అక్కడే.

ఆ సభకి ఇంకో నియమం ఉంది. ఎవరు మాట్లాడినా మొదట చూపించాల్సింది ఖాళీ. అంటే, కొలవాల్సింది ఏదీ పెట్టకుండా, మిగతాదంతా మామూలుగానే చేసి, అప్పుడు యంత్రం ఏం చూసిందో అది. ఏమీ లేనిచోట ఏమీ లేదని ముందు చూపిస్తేనే, తర్వాత ఉందన్నదాన్ని నమ్ముతారు. పాలు కొలిచే ముందు కొలపాత్ర బోర్లించి చూపించడం లాంటిదే. కాకపోతే వీళ్ళ కొలపాత్ర ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు, దాంతోనే యుద్ధం.

ఆ రోజు సభ అయ్యాక ఒక్కరిని ఎంపిక చేస్తారు. వాళ్ళు పెద్ద యంత్రం దగ్గరికి వెళ్తారు. అదొక మైదానమంత గుండ్రటి కట్టడమట. అందులోంచి వచ్చే కిరణాలతో ఒకే ఒక్క కణంలో ఏ లోహం ఏ మూల ఎంత ఉందో పటం గీసి చూపిస్తుందట. మామూలు రోజుల్లో దాని గుమ్మం ముందు నిలబడే అదృష్టం కూడా ఈ చిన్నవాళ్ళకి ఉండదు. జింకుకి అక్కడ గడువు వచ్చే ఏటితో ఆఖరు. ఈసారి పెద్ద యంత్రం దొరక్కపోతే తన పని సగంలో ఆగిపోతుంది. సగంలో ఆగిన పనికి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. పోటీకి ఉన్నది రాగి ఒక్కడే అని కూడా చెప్పింది.

నన్ను ఎందుకు తీసుకెళ్ళిందంటే పిడుగు ఇంకా తల్లి పాలు మానలేదు, మా మరిదికి సెలవు దొరకలేదు. బస్సులో పిడుగు నా ఒళ్ళో నిద్రపోయాక జింకు మెల్లగా అంది:

"పాత ఖాళీ ఒకటుందక్కా. ఇది కడుపులో ఉన్నప్పుడు తీసింది. నల్లగా, బావిలోకి చూసినట్టుంటుంది."

"ఇప్పటిది?"

"ఇప్పటిది వెలుగుతోంది. మళ్ళీ పనిలోకి వచ్చిన ఈ నాలుగు నెలల్నుంచీ ఇంతే. ఏమీ లేని నీటిచుక్క వెలుగుతోంది. నీళ్ళు మార్చాను, గొట్టాలు మార్చాను, చేతి తొడుగులు మార్చాను. బల్ల దగ్గర తుమ్మాడని రాగితో పోట్లాడాను కూడా."

"తుమ్ములో జింకు ఉంటుందా?"

"తెలీదు. కోపంలో ఉంటుందనిపించింది."

పాతది చూపిస్తే ఎవరూ అడగరు. కొత్తది చూపిస్తే, ఖాళీయే వెలుగుతుంటే అండం దగ్గర కనిపించిన వెలుగు మాత్రం అండానిదే అని ఎలా నమ్మాలి అంటారు. అనాలి కూడా. అంత వరకు నాకు అర్థమైంది.

"నువ్వయితే ఏం చేస్తావక్కా?"

"నన్నడక్కు. చుట్టాలొస్తే మాసిన దుప్పటి మీద ఉతికిన దుప్పటి పరిచే రకాన్ని నేను."

నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. జింకు చూపించాలనుకుంటున్న వెలుగు గురించి నాకు చాలాసార్లు చెప్పింది. అండం తన అంచు పొడుగునా, లోపలివైపు, జింకుని చిన్న చిన్న పొట్లాలు కట్టి వేలకి వేలు దాచుకుంటుందట. వీర్యకణం వచ్చి కలవగానే ఆ పొట్లాలన్నీ ఒక్కసారి బయటికి విసిరేస్తుందట. జింకు తగిలితే వెలిగే రంగు చుట్టూ ఉంచితే, ఆ విసిరెయ్యడం మెరుపులా కనిపిస్తుందట. ఈ సంగతి తనకంటే ముందే వేరేవాళ్ళు కనిపెట్టారు. విసిరేశాక లోపల ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది అన్నది తన ప్రశ్న. నాకు ఒకట్రెండు ఫోటోలు చూపించింది. వీధిదీపం చుట్టూ పొగమంచులా ఉన్నాయి. బాగుందమ్మా అన్నాను. పసిపిల్లలు గీసిన ఏనుగుని చూసి కూడా అలాగే అంటాను.

సభ గదిలో కుర్చీలు మెట్లుగా ఉన్నాయి. నేను తలుపు పక్కన, ఆఖరి వరసలో కూర్చున్నాను, పిడుగు ఏడిస్తే పారిపోవడానికి వీలుగా. రెండు వరసల ముందు సీసం ఉన్నారు. వెనకనుంచి చూస్తే వీపే ఒక అభిప్రాయంలా ఉంది.

ముందు ఇనుము లేచింది. నల్లటి ఖాళీ చూపించి, తర్వాత మొదలుపెట్టింది. మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగేస్తే ఒకటో రెండో మేకులొస్తాయి, అంతే. కానీ ఆ కాస్త ఇనుమూ ఈ భూమి మీద తయారైంది కాదు. భూమి పుట్టకముందే ఎక్కడో నక్షత్రాల కడుపుల్లో ఉడికి, అవి పేలితే చెల్లాచెదురైంది. నాకు రక్తం తక్కువని డాక్టరు ఇనుము మాత్రలిస్తే ముక్కు మూసుకుని మింగాను. నక్షత్రం ముక్కలని అప్పుడే తెలిసుంటే కాస్త మర్యాదగా మింగేదాన్ని.

తర్వాత మాంగనీసు. దాని గొంతు వణుకుతోంది, మాటలు మాత్రం వణకడం లేదు. ప్రతి ఆకులోనూ, ఎండ పడే చోట, నాలుగు మాంగనీసు పరమాణువులు ఒక కాల్షియంతో కలిసి చిన్న గుంపుగా కూర్చుని ఉంటాయి. అలాంటి గుంపులు ఆకులో కోట్లు. నీళ్ళని చీల్చేది అవే. నీళ్ళు చీలితేనే మనం పీల్చే గాలి. "ఈ గదిలో మీరు ఇప్పుడు పీల్చిన ఊపిరి, ఎప్పుడో ఒకప్పుడు, ఆ నలుగురి చేతుల మీదుగా వచ్చిందే," అంది. గదిలో అందరూ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోవడం గమనించుకున్నారు. నేనూ పీల్చాను. ఎప్పుడూ పీల్చేదే, రుచి వేరుగా ఉంది. మా పెరట్లో తొట్టిలో ఉన్న మొక్కకి నిన్న నీళ్ళు పొయ్యలేదని గుర్తొచ్చి సిగ్గేసింది.

రాగి మూడో వాడు. జుట్టు దువ్వుకోవడం ఎవరూ నేర్పని కుర్రాడు. మాట మొదలుపెడితే మాత్రం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. కణంలో ఒక్క రాగి పరమాణువు కూడా ఒంటరిగా తిరగదట. తిరగనివ్వరట. బడి గంట కొట్టాక పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సరైనవాళ్ళకే అప్పగించినట్టు, ఒక ప్రోటీను దాన్ని తీసుకెళ్ళి ఇంకో ప్రోటీనుకి అప్పగిస్తుంది. ఎవరి పిల్లని ఎవరికివ్వాలో వాటికి ఎవరు చెప్పారు అన్నదే తన పని. అతని ఖాళీ ఎంత నల్లగా ఉందంటే తెర ఆగిపోయిందేమో అనుకున్నారు. జింకు ముందు వరసలో తల దించుకుంది.

అప్పుడే పిడుగుకి గుడ్డ మార్చాల్సి వచ్చింది. ఇలాంటివి వేళ చూసుకుని రావు. వరండా చివరున్న గదిలోకి తీసుకెళ్ళి, మార్చి, క్రీము రాసి, అది అటూ ఇటూ పొర్లుతుంటే ఎలాగో గుడ్డలు తొడిగి, నా చేతులు కడుక్కుని, పరుగున తిరిగొచ్చి కూర్చున్నాను. జింకు అప్పుడే తెర పక్కన నిలబడింది.

తెర మీద బొమ్మ వచ్చింది. నల్లగా లేదు. ఆకుపచ్చగా, పల్చగా, పాచిపట్టిన కొలనులా వెలుగుతోంది.

"స్లైడు తప్పొచ్చింది," అని ఎవరో సాయం చెయ్యబోయారు.

"తప్పు రాలేదు," అంది జింకు. "ఇదే నా ఖాళీ. పోయిన వారం తీసింది."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. నియమం ప్రకారం పెద్దవాళ్ళు మాట్లాడకూడదు. సీసం నియమాన్ని బరువుతో వంచేశారు.

"అందులో ఏముంది?"

"ఏమీ లేదండి."

"ఏమీ లేకపోతే ఎందుకు వెలుగుతోంది?"

"తెలీదండి."

"మంచి ఖాళీ నీ దగ్గర లేదా?"

"ఉందండి. ఏడాది పైన పాతది. అది ఇప్పటి పనికి ఖాళీ కాదు కదండీ."

ఆయన చేతులు కట్టుకుని వెనక్కి వాలారు. జింకు తను అనుమానించినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నీళ్ళు కావు. గొట్టాలు కావు. తొడుగులు కావు. గాలి కాదు. చెబుతూ చెబుతూ, తనకి అలవాటే, జారుతున్న కళ్ళజోడుని వేలితో పైకి తోసుకుంది. తోసుకుంటూ నావైపు చూసింది.

సరిగ్గా అప్పుడు పిడుగు నా కళ్ళజోడు లాగింది. దాని చేతికి క్రీము ఎప్పుడంటిందో, అద్దం మీద తెల్లగా వేళ్ళ ముద్రలు. నేను చిరాకు పడుతూ చీర కొంగుతో తుడుస్తున్నాను. తల ఎత్తేసరికి గదిలో అందరూ నన్నే చూస్తున్నారు, ఎందుకంటే జింకు మాట మధ్యలో ఆపి నన్నే చూస్తోంది. పిల్లని పెంచడం రాదంటోందేమో అనుకున్నాను. ఇంత మందిలోనా అని కూడా అనుకున్నాను.

జింకు తన కళ్ళజోడు తీసింది. కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని దాన్నే చూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు చాలా మెల్లగా అంది:

"నేను క్రీము ముట్టుకోలేదు. మా పాప ముట్టుకుంది. పాప దీన్ని ముట్టుకుంది. తొడుగు వేసుకున్నాక నేను దీన్ని ముట్టుకుంటున్నాను."

ఎవరికీ అర్థం కాలేదు. రాగికి మాత్రం అర్థమైంది. వాడు ముందు వరసలోంచి లేచి, "అయితే నా తుమ్ము కాదన్నమాట," అన్నాడు.

తర్వాత సభ సభలా సాగలేదు. మధ్యాహ్నం అతిథులకి చూపించడానికని జింకు పొద్దున్నే అండాలు సిద్ధం చేసి కింది అంతస్తులో వెచ్చగా పెట్టి ఉంచిందట. "ఇప్పుడే తేల్చుకుందాం," అన్నారు సీసం. ఆయన లేస్తే అందరూ లేచారు. మెట్లు దిగుతుంటే జింకుకి మెట్టు ఆనలేదు, ఇనుము వచ్చి చెయ్యి పట్టుకుంది.

సూక్ష్మదర్శిని గది చిన్నది. గోడకి పెద్ద అద్దం కిటికీ ఉంది, లోపల జరిగేది బయట వరండాలోకి కనిపిస్తుంది, తెర కూడా. నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"అమ్మా, మీరక్కడే ఆగండి," అన్నారు సీసం నాతో, చాలా మర్యాదగా. "మీ చేతిలో ఉన్న ఆవిడ దగ్గర ఉన్నంత జింకు ఈ భవనంలో ఇంకెక్కడా లేదు."

పిడుగు ఆయన కళ్ళజోడు వైపు ఆశగా చూసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. సీసం కదలడం అక్కడివాళ్ళందరూ మొదటిసారి చూశారు.

ఇప్పుడు చిక్కేమిటంటే కళ్ళజోడు లేకపోతే జింకుకి చెయ్యి కనిపించదు, పెట్టుకుంటే చెయ్యి పనికిరాదు. రాగి చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని, బల్ల ముందు కూర్చున్నాడు.

"చెప్పవోయ్," అన్నాడు. "ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తాను."

"నీకెందుకురా? నాది నిలబడితే నీకే దెబ్బ."

"తుమ్మిన పాపం పోగొట్టుకోనీ."

మొదట ఒక చుక్క పెట్టాడు, ఏమీ కలపకుండా. జింకు వాడి భుజం మీదుగా వంగి, ఏమీ కనిపించకపోయినా, ఎప్పుడేం చెయ్యాలో చెబుతూనే ఉంది. దీపాలార్పారు. తెర నల్లగా ఉంది. కాసేపు చూశాం. నల్లగానే ఉంది. రెండో చుక్క పెట్టే ముందు రాగి తొడుగు వేలితో జింకు కళ్ళజోడుని ఒక్కసారి తాకి, ఆ వేలు చుక్కలో ముంచాడు. తెర మొత్తం పచ్చటి మంట అయిపోయింది. వరండాలో ఎవరో "అబ్బా" అన్నారు. తొడుగులు మార్చి మూడో చుక్క పెట్టాడు. మళ్ళీ నలుపు.

ఆ నలుపుని చూసి అంతమంది చదువుకున్నవాళ్ళు అంత సంతోషపడడం నేనెప్పుడూ చూడలేదు. మాంగనీసు కళ్ళు తుడుచుకుంది. జింకు ఒక్కత్తే, "నల్లగా ఉందా? నిజంగా నల్లగా ఉందా?" అని అడుగుతోంది. దానికి ఎలాగూ అన్నీ మసకే.

"బావిలా ఉందే," అన్నాను గుమ్మంలోంచి. నా గొంతు విని తల తిప్పి, నేను లేనివైపు చూసి నవ్వింది.

కానీ అసలుది ఇంకా మిగిలి ఉంది. ఖాళీ ఖాళీగా ఉన్నంత మాత్రాన అండం వెలుగుతుందని ఏముంది? ఇన్నాళ్ళూ చూసినదంతా క్రీము వెలుగే అయితే? జింకు మొహంలో అది కనిపించింది. రాగి ఒక అండాన్ని వెంట్రుకకన్నా కాస్త లావైన గొట్టంతో తీసి పెట్టాడు. తెర మీద మామూలు వెలుతురులో అది గుండ్రంగా, నిండుగా, బుద్ధిగా కూర్చుని ఉంది. లోకంలో ఏ తొందరా లేని దానిలా.

"వీర్యకణం ఏదీ?" అని, జింకుని బల్ల దగ్గర వదిలి నా పక్కకి వచ్చిన ఇనుముని చెవిలో అడిగాను.

"పెట్టరండీ. అది వచ్చిందని అండాన్ని నమ్మించే మందొకటి ఉంది, అది వేస్తారు."

"పెళ్ళికొడుకు వచ్చాడని అబద్ధం చెప్పి లేపుతారా?"

"దానికి తెలీదులెండి," అంది ఇనుము, కాస్త బాధగానే.

దీపాలు మళ్ళీ ఆర్పారు. తెర నల్లబడింది, అండం కూడా ఆ నలుపులో కలిసిపోయింది. రాగి మందు చుక్క వేశాడు. ఏమీ లేదు. జింకు రెండు చేతులూ కలిపి పట్టుకుంది. ఇంకా ఏమీ లేదు.

అప్పుడు వెలిగింది.

ఎలా చెప్పాలి? మొదట అంచున ఒకచోట, అగ్గిపుల్ల గీసినట్టు. మరుక్షణం చుట్టూతా ఒకేసారి. నల్లటి ఆకాశంలో సూర్యుడికి నల్లటి చందమామ అడ్డుపడినప్పుడు చుట్టూ వెలుగు చిమ్ముతుందే, అలా. ఆ వలయం బయటికి, బయటికి, నెమ్మదిగా విప్పుకుంటూ, పల్చబడుతూ వెళ్ళింది. మధ్యలో అండం చీకటిగా, కదలకుండా ఉంది. అది ఏదీ కోల్పోయినట్టు లేదు, ఏదో నిశ్చయించుకున్నట్టు ఉంది. ఇన్నాళ్ళు గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నదాన్ని ఇక అక్కర్లేదని వదిలేసి, అదిగో, మొదలుపెట్టింది. వలయం తెర అంచులు దాటి పోయింది. నలుపు తిరిగొచ్చింది.

వీధిదీపమూ పొగమంచూ అన్నాను చూశారా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దీపాలు వెయ్యాలని ఎవరికీ తోచలేదు. వీళ్ళు రోజూ ఇలాంటివి చూసేవాళ్ళే కదా, వీళ్ళకేమైంది అని పక్కకి చూశాను. సీసం నోరు కాస్త తెరుచుకుని ఉంది. పెద్దాయన ఎన్నేళ్ళనుంచి ఇందులో ఉన్నారో నాకు తెలీదు. ఆ క్షణంలో బడికి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా ఉన్నారు.

"వెలిగిందా?" అని అడుగుతోంది జింకు. "నాకు ఏదో పచ్చగా కదిలినట్టుంది. వెలిగిందా? ఎవరైనా చెప్పండి."

"వెలిగింది," అన్నాడు రాగి. "నువ్వే చూడాల్సింది. నేను చూశాను. సారీ."

నా చంకలో బరువు నాకప్పుడు తెలిసింది. మనుషుల అండాలు కూడా ఇలాగే వెలుగుతాయని జింకు ఎప్పుడో చెప్పింది, పప్పు తాలింపు వేస్తూ ఊఁ కొట్టాను. అంటే ఈ పిడుగు కూడా. ఒక రోజు, ఎవరూ చూడని చీకట్లో, మా ఇంట్లో మేమందరం టీవీ చూస్తూనో, గ్యాసు అయిపోయిందని గొడవపడుతూనో ఉండగా, ఇది ఇలా ఒక్కసారి వెలిగి, పని మొదలుపెట్టింది. మా అత్తగారు కూడా. నేను కూడా, ఆ లెక్కన. నాలో అలాంటి వెలుగేదో ఎప్పుడో ఉండి ఉంటుందని అంతవరకు ఎవరూ అనలేదు.

దీపాలు వేశారు. జింకు సీసం వైపు తిరిగి, ఆయన పక్కనున్న అలమరాతో అంది:

"సార్, ఈ నాలుగు నెలల కొలతలూ పనికిరావు. అన్నీ మళ్ళీ చెయ్యాలి. మెరుపు నిజం, అంకెలు కావు. అది కూడా చెప్పాలనుకున్నాను."

"నేనిటు ఉన్నాను," అన్నారు సీసం. ఆయన ఒక నిమిషం తెర వైపే చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు.

"నీకు కళ్ళజోళ్ళు ఎన్ని ఉన్నాయి?"

"ఒకటేనండి."

"ఇంకోటి చేయించుకో. అది ఇంటికి తీసుకెళ్ళకు. పెద్ద యంత్రం దగ్గర దీన్ని పెట్టుకుంటే గుమ్మం దాటనివ్వను."

జింకుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. మాంగనీసుకి ముందే అర్థమై ఎగిరింది. రాగి తొడుగులు విప్పుతూ బయటికొచ్చి, నా ముందు ఆగి, పిడుగు ముక్కు దగ్గర వేలు ఊపాడు.

"నీ వల్ల పోయిందే నా యంత్రం. పెద్దయ్యాక తీరుద్దువుగాని."

పిడుగు ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. "ఒద్దు, రాగి రుచి మరుగుతుంది," అన్నాను. వాడు నవ్వి, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాడు.

"క్రీము," అన్నాను.

ఇంటికొస్తుంటే సాయంత్రం ఎండ బస్సు కిటికీల్లోంచి ఏటవాలుగా పడుతోంది. కళ్ళజోడు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంది. సంచి మీద రాగి పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాసిచ్చాడు. జింకు నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎవరెక్కినా ఎవరు దిగినా తెలియదు కాబట్టి అందరికీ నవ్వుతూ ఉంది.

"అక్కా, అది ఎలా ఉందో మళ్ళీ చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మూడోసారి చెప్పేటప్పటికి నేను కూడా కొంచెం కలిపాను, ఊరుకుంటానా. తను కళ్ళు మూసుకుని వింది. ఎలాగూ తెరిచినా ఒకటే.

పిడుగు నిద్రలేచి, తల్లి ఒళ్ళోకి దూకి, అలవాటుగా మొహం మీదికి చెయ్యి చాచింది. లాగడానికి ఏమీ దొరకలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. కనుబొమ్మ తడిమింది, ముక్కు తడిమింది, మళ్ళీ కనుబొమ్మ. ఏదో పోయింది, ఏం పోయిందో తెలీదు. ఆఖరికి వెతకడం మానేసి, చెయ్యి తల్లి బుగ్గ మీదే ఉంచి, ఆ మొహం వైపు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.